గోనె బస్తాల గోడౌన్‌లో పంక్ రికార్డింగ్: విజయనగరం నుంచి ఒక కేస్ స్టడీ

విజయనగరంలో చిన్న రికార్డింగ్ గది, దాంతోపాటు సౌండ్ సర్వీస్ నడుపుతాను. నాకొచ్చే పనిలో ఎక్కువ భాగం భక్తి పాటలు, చర్చి ఆల్బమ్‌లు, షార్ట్ ఫిల్మ్ డబ్బింగులు, ఎన్నికలొస్తే ప్రచార పాటలు. ఇక్కడ చెప్పబోయేది వీటిలో దేనికీ చెందని పని. ఒక పంక్ (వేగంగా, కర్కశంగా ఉండే రాక్ సంగీతం) బ్యాండ్ కోసం నాలుగు పాటలు రికార్డ్ చేసి, మిక్స్ చేసి, కవర్ అచ్చు వేయించి, జనంలోకి వదిలేదాకా ఏం చేశామో, ఎందుకలా చేశామో రాస్తున్నాను. బ్యాండ్ పేరు, సభ్యుల పేర్లు రాయొద్దని వాళ్ళే కోరారు. చిన్న ఊళ్ళలో సౌండ్ పని చేసేవాళ్ళకీ, సొంతంగా పాటలు చేసుకోవాలనుకునే పిల్లలకీ పనికిరావాలని కొంత వివరంగానే రాస్తున్నాను.

వచ్చినవాళ్ళు, అడిగింది

నలుగురు. పాడే అమ్మాయి, గిటార్, బేస్ గిటార్, డ్రమ్స్. డ్రమ్మర్ ఆదివారాలు చర్చిలో ఆక్టోప్యాడ్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ పలక) వాయిస్తాడు. ఉత్తరాంధ్ర ఊళ్ళలో డ్రమ్స్ చేతికి అందేది చాలామందికి అక్కడే. పాడే అమ్మాయి చిన్నప్పుడు కొంతకాలం కర్ణాటక సంగీతం నేర్చుకుంది. మహారాజా సంగీత కళాశాల 1919 నుంచీ ఉన్న ఊరు మాది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే పాఠం చెప్పారు. అందుకే ఇక్కడ ఎవరైనా పాడతామంటే ముందు వచ్చే ప్రశ్న "ఎవరి దగ్గర నేర్చుకున్నావు?" అని. ఆ ప్రశ్న మీద నాకు గౌరవం ఉంది. కాకపోతే గురువు లేకుండా ముగ్గురు నలుగురు ఒక గదిలో చేరి సొంత పాట కట్టుకునేవాళ్ళకు ఆ ప్రశ్న దగ్గరే గొంతు ఆగిపోతుంది.

వాళ్ళు పోగేసుకున్నది 20 వేలు. ఆ డబ్బుతో విశాఖ వెళ్తే మంచి స్టూడియోలో కొన్ని గంటలు దొరుకుతాయి. డ్రమ్స్ సౌండ్ సర్దేసరికే ఆ గంటలు అయిపోతాయి. అమ్మాయి నాతో అన్న మాట ఇది: "అన్నా, సినిమా పాటల్లాగ ఉండక్కర్లేదు. మేం నలుగురం ఒక దగ్గర వాయిస్తంటే ఎలగుంటదో అలగే రావాల." రికార్డిస్టుకు ఇంతకంటే స్పష్టంగా పని చెప్పేవాళ్ళు అరుదు. అందుకే మొదట్లోనే తేల్చేశాను: వాళ్ళు రోజూ ప్రాక్టీస్ చేసే చోటే, వాళ్ళ సామానుతోనే, నలుగురూ ఒకేసారి వాయిస్తుండగా రికార్డ్ చేయాలి. నా గదిలో కూడా వద్దు. నా గది గొంతుకి సరిపోతుంది, డ్రమ్స్‌కి ఇరుకు.

గోడౌన్

వాళ్ళ ప్రాక్టీస్ చోటు డ్రమ్మర్ మేనమామ గోడౌన్. ఆయన పాత గోనె సంచులు కొని, కుట్టించి, రైస్ మిల్లులకు అమ్ముతారు. రేకుల షెడ్డు, సిమెంటు నేల, మూడు గోడలు ఇటుకవి, ముందు షట్టర్. లోపల బేళ్ళు కట్టిన సంచులు ఎత్తుగా పేర్చి ఉంటాయి. ఆ చోటులోకి వెళ్ళి చప్పట్లు కొట్టి చూశాను. షట్టర్ వైపు నిలబడి కొడితే రేకుల్లోంచి చిటపటమని తిరిగొస్తోంది. బేళ్ళ మధ్య నిలబడి కొడితే చప్పుడు అక్కడికక్కడే ఆగిపోతోంది.

స్టూడియోల్లో గోడలకు కొట్టే పల్చటి నురగ పలకలు సన్నటి శబ్దాలనే పీలుస్తాయి. ఎందుకంటే పీచులాంటి పదార్థం ఒక శబ్దాన్ని బాగా పీల్చాలంటే దాని మందం ఆ శబ్ద తరంగం పొడవులో సుమారు నాలుగోవంతు ఉండాలి. 500 హెర్ట్జ్‌కి అది 17 సెంటీమీటర్లు. 100 హెర్ట్జ్‌కి 86 సెంటీమీటర్లు. ఏ స్టూడియో గోడకైనా 86 సెంటీమీటర్ల మందాన సరుకు పెట్టాలంటే గదిలో సగం పోతుంది. ఇక్కడ బేలు మీద బేలు, ఒక్కో వరస మీటరు మందానికి తక్కువ లేదు. బేస్ డ్రమ్ము చప్పుడు మూలల్లో గుయ్యిమని మిగిలిపోకుండా ఆ జనపనారే పట్టేసుకుంటోంది. డబ్బు పెట్టి కొనాలంటే కొనలేని సౌండ్ ట్రీట్‌మెంట్ అది.

డ్రమ్స్‌ని బేళ్ళకు వీపు ఆనించినట్టు పెట్టి, ఎదురుగా షట్టర్ వైపు కొంత ఖాళీ వదిలాం. అంతా బేళ్ళతో మూసేస్తే సౌండ్ చచ్చిపోతుంది, పంక్‌కి కొంచెం కర్కశంగా తిరిగొచ్చే గది కావాలి. రేకులు డ్రమ్ముకు వణుకుతున్న చోట్ల కొక్కీల దగ్గర పాత సైకిల్ ట్యూబు ముక్కలు దూర్చి బిగించాం. గోనె దుమ్ము మాత్రం పెద్ద సమస్య. మైకుల్లోకి పోతుంది, పాడేవాళ్ళ గొంతు పట్టేస్తుంది. ముందురోజు సాయంత్రం నీళ్ళు చల్లి ఊడ్చాం, వాడనప్పుడల్లా మైకులకు గుడ్డ సంచి తొడిగాం. జనపనార ఇట్టే అంటుకుంటుంది కాబట్టి లోపల సోల్డరింగ్ వద్దన్నాను, బేళ్ళ కింద నుంచి ఏ వైరూ వెళ్ళకూడదన్నాను, అగర్‌బత్తీతో సహా ఏ నిప్పూ లోపలికి రాకూడదన్నాను. ఇలాంటి చోట రికార్డ్ చేసేవాళ్ళు ఈ మూడూ తప్పకుండా పాటించాలి.

పెదవికి తగిలిన కరెంటు

ఈ భాగం కాస్త ఓపిగ్గా చదవండి. సౌండ్ కంటే ముందు చూడాల్సింది ఇదే.

అమ్మాయి ఒక మాట యథాలాపంగా అంది, పాడుతుంటే అప్పుడప్పుడు మైకు పెదవికి "జిల్లు"మంటుందని. నలుగురికీ అది అలవాటైపోయింది. మల్టీమీటర్ తీసి ఒక కొన మైకు జాలీకి, ఇంకో కొన గిటార్ తీగకు ఆనించి చూస్తే వంద వోల్టులు దాటి చూపించింది. మూడు పిన్నుల సాకెట్టు ఉంది, దాని వెనక ఎర్తు వైరు లేదు. గోడౌన్ కట్టినప్పుడే వేయలేదు.

ఎర్తు లేనప్పుడు జరిగేది ఇది. ల్యాప్‌టాప్ చార్జర్లలో, మిక్సర్ పవర్ సప్లైల్లో కరెంటులోని అలజడి (నాయిస్) బయటికి రాకుండా చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. ఎర్తు ఉంటే ఆ లీకేజీ భూమిలోకి పోతుంది. లేకపోతే సామాను ఇనుప ఒళ్ళు మొత్తం మన 230 వోల్టుల్లో దాదాపు సగం దగ్గర తేలుతుంది. ఆ కరెంటు చాలా తక్కువ కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది. కానీ ఇంకో వైపు పాత ఆంప్లిఫయర్‌లో ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ పాడైతే, ఎడమచేత్తో గిటార్ తీగలు పట్టుకుని పెదవి మైకుకు ఆనించినవాడికి అసలు కరెంటే ఛాతీ మీదుగా పోతుంది. మన దగ్గర పందిళ్ళలో, స్టేజీల మీద షాక్ కొట్టిన కథలు ప్రతి సౌండ్ వాడికీ తెలుసు. తెలిసీ చాలామంది చార్జర్ మూడో పిన్ను విరగ్గొట్టి "హమ్మింగ్ పోయింది చూడు" అంటారు. ఆ పని ఎవరూ చేయకండి, దయచేసి.

లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి, గోడౌన్ బయట ఎర్తు పిట్ తవ్వించి, రాడ్ వేయించి, ఒక ఆర్‌సీసీబీ పెట్టించాం. వెళ్ళే కరెంటుకూ తిరిగొచ్చే కరెంటుకూ 30 మిల్లీ ఆంపుల తేడా వస్తే సప్లై కట్ చేసే స్విచ్చు అది. తర్వాత ఆంపులు, ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుల శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టె), ల్యాప్‌టాప్ అన్నీ ఒకే బోర్డు నుంచి తీశాం, అన్నిటికీ ఎర్తు ఒకటే అయ్యేలా. ఎలక్ట్రీషియన్ ఖర్చులో సగం మేనమామగారే పెట్టుకున్నారు, "మీ పాటల సంగతెలగున్నా మా కూలోళ్ళకి మంచిదే కదా" అని. అదృష్టవశాత్తూ ఇంతసేపూ మమ్మల్ని వేధిస్తున్న 50 హెర్ట్జ్ హమ్మింగ్ కూడా చాలావరకు దీంతోనే పోయింది.

ఎనిమిది మైకు దారులు

నా ఇంటర్‌ఫేస్‌కి ఎనిమిది ఇన్‌పుట్లు. బేస్ డ్రమ్ముకు ఒకటి, స్నేర్‌కి (చటుక్కుమని మోగే చిన్న డ్రమ్ము) ఒకటి, డ్రమ్స్ పైన రెండు, గిటార్ ఆంపుకు ఒకటి, బేస్ గిటార్ డీఐ బాక్సు (మైకు లేకుండా గిటార్‌ని తిన్నగా ఇంటర్‌ఫేస్‌కి కలిపే డబ్బా) ద్వారా నేరుగా ఒకటి, గొంతుకి ఒకటి, షట్టర్ దగ్గర గది సౌండ్ కోసం ఒకటి. పై మైకులు రెండూ స్నేర్ నుంచి సమానదూరంలో ఉండాలి. స్నేర్ నడిమధ్య నుంచి ఒక దారం పట్టి రెండింటికీ కొలిచి పెట్టాం. దారం ఒక్క జానెడు తేడా వచ్చినా స్నేర్ చప్పుడు పల్చబడిపోతుంది, ఎంత ఈక్యూ (హెచ్చుతగ్గు స్వరాల పాళ్ళు సర్దే మీట) తిప్పినా తిరిగిరాదు.

గొంతు కూడా అక్కడే, అప్పుడే. బేళ్ళ వరసల మధ్య మనిషి పట్టే సందు ఉంది. అమ్మాయిని అందులో నిలబెట్టి, డైనమిక్ మైకు వెనక భాగం డ్రమ్స్ వైపు ఉండేలా తిప్పాం. కార్డియాయిడ్ మైకు వెనక నుంచి వచ్చేదాన్ని బాగా తక్కువ వింటుంది. డ్రమ్స్ కొంత లోపలికి వచ్చాయి, రానిచ్చాం. ఆమెకు డ్రమ్మర్ ముఖం కనిపించడం నాకు ముఖ్యం. పాట ఎక్కడ ఎగరాలో వాళ్ళిద్దరూ కళ్ళతోనే చెప్పుకుంటారు.

క్లిక్ ట్రాక్ (చెవిలో టిక్కుటిక్కుమంటూ లయ చూపే చప్పుడు) పెట్టలేదు. చర్చిలో వాయించేవాడికి లయ మీద పట్టు ఉంది. పల్లవి దగ్గర కాస్త పరుగు అందుకుంటాడు, ఆ పరుగే పాటకు ఊపిరి. దాన్ని కంప్యూటర్‌తో గ్రిడ్‌కు సర్దితే, రాత్రంతా కాచిన పాలు పారబోసుకున్నట్టే. వెనక అరుపులకు స్నేహితులందరినీ పిలిచి, ఒక్క మైకు చుట్టూ గుండ్రంగా నిలబెట్టి ఒకేసారి అరిపించాం. జముకుల కథలో, బుర్రకథలో వంత పాడేవాళ్ళను చూసి పెరిగినవాళ్ళకు అదెలా అందుకోవాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

చెవుల గురించి కూడా చెప్పాలి. రేకుల షెడ్డులో డ్రమ్స్ పక్కన 100 డెసిబెళ్ళు సులువుగా దాటుతుంది. అమెరికాలో పనివాళ్ళ భద్రత కోసం పెట్టుకున్న లెక్క ప్రకారం 85 డెసిబెళ్ళ దగ్గర 8 గంటలు ఉండొచ్చు, అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెళ్ళకూ సమయం సగమవుతుంది. 100 దగ్గర 15 నిమిషాలు. మెడికల్ షాపులో దొరికే నురగ ఇయర్ ప్లగ్గులు నలుగురికీ కొనిచ్చాను. ఇరవై ఏళ్ళకే చెవుల్లో గుయ్యిమనే మోత తెచ్చుకుంటే ఇక జీవితమంతా దాంతోనే.

పాట మాట

పాటల సంగతులు వాళ్ళవే: మూతపడ్డ జూట్ మిల్లులో పనిచేసిన తండ్రి, పలాస ప్యాసింజర్‌లో కిక్కిరిసి పనికెళ్ళేవాళ్ళు, సాయంత్రం ఆరు దాటితే ఆడపిల్లకు మూసుకుపోయే ఊరు, కోచింగ్ సెంటర్ హాస్టలు. మొదట నాకు వినిపించినప్పుడు సాహిత్యమంతా పాఠ్యపుస్తకం తెలుగు. ఇంటర్లో వ్యాసం రాసినట్టుంది. ఆ వేగంలో ఆ మాటలు పట్టడం లేదు. నిమిషానికి 170, 180 బీట్లు పోతుంటే "వెళ్ళిపోతున్నాను" అనేలోపు బార్ (కొన్ని బీట్ల ఒక ఆవర్తం) అయిపోతుంది, ఆఖరి అక్షరాలు తర్వాతి బార్ మీద పడి తొక్కేస్తున్నాయి.

వాళ్ళు మాట్లాడుకునేటప్పుడు విన్నాను. "ఏటి", "ఎల్తన్నాను", "బేగి రా", "సెప్పు". అవే ఎందుకు పాడకూడదని అడిగితే గిటార్ అబ్బాయి కాస్త సిగ్గుపడ్డాడు. హైదరాబాద్‌లో మన యాసకు నవ్వుతారన్న భయం. సినిమాల్లో శ్రీకాకుళం యాసను కామెడీకి వాడీ వాడీ మన పిల్లలకే మన మాట మీద జంకు పుట్టించారు. అమ్మాయి మాత్రం వెంటనే ఒక చరణం తిరగరాసి పాడింది. మాట కురచైంది, బార్‌లో పట్టింది, కోపం నిజమైన కోపంలా వినిపించింది. మిగతా మూడు పాటలూ వాళ్ళే మార్చేసుకున్నారు.

శ్రుతి కూడా దించాం. బయటి పాటలు విని అవే కార్డ్‌లలో కట్టుకోవడం వల్ల ఆమె గొంతు చించుకోవాల్సి వస్తోంది. గిటార్లను అర స్వరం దించేసరికి అరుపు గొంతులోంచి కాకుండా పొట్టలోంచి రావడం మొదలైంది.

ఇంకో సలహా చాలామంది ఇచ్చారు: తప్పెటగుళ్ళు పెట్టండి, డప్పు పెట్టండి, జానపదం కలిస్తే బయట క్రేజ్ ఉంటుందని. బ్యాండ్ వద్దంది, నేనూ వద్దన్నాను. తప్పెటగుళ్ళు ఛాతీకి రేకు తప్పెట కట్టుకుని, కాళ్ళకు గజ్జెలతో గంటలతరబడి ఎగురుతూ ఆడే కళ. దానికి దాని మనుషులున్నారు, సాధన ఉంది. అలంకారం కోసం ఎనిమిది సెకన్లు అరువు తెచ్చుకుంటే వాళ్ళకూ మర్యాద కాదు, పాటకూ ఒరిగేది లేదు.

రెండు మాస్టర్లు

మిక్స్‌లో చెప్పుకోదగ్గవి రెండే. గిటార్ డిస్టార్షన్ (గరగరలాడే చీలిన సౌండ్) రగిలే చోటు, తెలుగు హల్లులు తెలిసే చోటు ఒకటే: 2 నుంచి 4 కిలోహెర్ట్జ్. గొంతు పెంచితే బ్యాండ్ చిన్నదైపోతుంది. అందుకని గిటార్‌లో అక్కడ కొంచెం చెక్కాను. ఫోన్ స్పీకర్లో బేస్ గిటార్ అసలు వినపడదు కాబట్టి దానికీ కాస్త డిస్టార్షన్ కలిపాను, పై హార్మోనిక్స్ వినిపిస్తే చెవి కింద స్వరాన్ని ఊహించుకుంటుంది.

రెండోది: ఈ పాటలు ఎక్కడ మోగుతాయి? స్ట్రీమింగ్‌లో స్పాటిఫై లాంటివి అన్ని పాటల్నీ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే లెక్క) స్థాయికి సర్దేస్తాయి, ఎంత గట్టిగా చేసి పంపినా లాభం లేదు. కానీ మా ఊళ్ళో పాట తిరిగేది ఆటోల్లో, పెన్‌డ్రైవ్ మీద. అక్కడ సర్దేవాళ్ళు ఎవరూ లేరు. ముందు సినిమా పాట దద్దరిల్లి, మన పాట నీరసంగా వస్తే డ్రైవర్ వెంటనే మార్చేస్తాడు. అందుకని స్ట్రీమింగ్‌కి ఒక మాస్టర్ (బయటికి పంపే ఆఖరి ఫైలు), పెన్‌డ్రైవ్‌కి గట్టిగా ఇంకో మాస్టర్ చేశాను. మూడు లాంతర్ల దగ్గర ఆటో స్టాండులో తెలిసిన డ్రైవర్ల ఆటోల్లోనే విని సరిచూసుకున్నాం. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఆడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమని అందరికీ చెప్పాం, ఫైలు నలగకుండా వెళ్తుంది.

స్ట్రీమింగ్ డబ్బు మీద ఆశ పెట్టుకోవద్దని ముందే చెప్పాను. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాట గత 12 నెలల్లో కనీసం 1000 సార్లు మోగితేనే దానికి రాయల్టీ లెక్కలోకి వస్తుంది. సొంత పాటలు అమ్ముకునే వెబ్‌సైట్ బ్యాండ్‌క్యాంప్ డిజిటల్ అమ్మకంలో 15 శాతం తీసుకుంటుంది, కొనేవాడు ఇష్టమై ఎక్కువ ఇవ్వొచ్చు. చిన్న బ్యాండ్‌కి పది మంది కొన్నా అదే మేలు.

ఆషాఢంలో అచ్చు

కవర్ మాకు శుభలేఖలు వేసే స్క్రీన్ ప్రింటింగ్ షాపులో అచ్చయింది. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, షాపు ఖాళీ. మిగిలిపోయిన శుభలేఖల కార్డు అట్టలు, రకరకాల రంగులవి, దాదాపు ఉచితంగా ఇచ్చారు. ఏ రెండు కవర్లూ ఒకే రంగు కాదు. నలుపు ఒక్కటే ఇంకు. అమ్మాయే స్క్వీజీ (ఇంకు లాగే రబ్బరు పట్టీ) పట్టుకుని లాగింది. మొదట్లో చేతి ఒత్తిడి కుదరక అక్షరాలు అలికినట్టు పడ్డాయి, షాపాయన "అమ్మా, ఒత్తకు, జార్చు" అని చెయ్యి పట్టి చూపించాక కుదిరింది. క్యూఆర్ కోడ్ వేసేవాళ్ళకు ఒక సూచన: గళ్ళు పెద్దవిగా ఉంచండి, లేత రంగు మీదే నల్లగా వేయండి. ముదురు అట్ట మీద తెల్లగా తిరగేసి వేస్తే కొన్ని ఫోన్లు చదవవు.

లోపల ఏ4 కాగితం ఒకటి, మధ్యలో ఒక కోత పెట్టి ఎనిమిది పేజీలుగా మడిచిన చిన్న పత్రిక. చేతిరాతతో పాటలు, జిరాక్స్ కాపీలు. వెనక పేజీలో ఏ పాట ఎలా రికార్డయింది, ఏ మైకు ఎక్కడ, దేనికెంత ఖర్చు అన్నీ రాశాం. మాంచెస్టర్‌కు చెందిన బజ్‌కాక్స్ 1977 జనవరిలో 500 పౌండ్లు అప్పు తెచ్చి తమ నాలుగు పాటల రికార్డు తామే వేసుకున్నప్పుడు, ఏది ఎన్నో టేకో, పైన ఏం కలిపారో కవర్ మీదే అచ్చేశారు. చదివినవాడికి "ఇంతేనా, మేమూ చేస్తాం" అనిపించాలి. నాకు పంక్‌లో అన్నిటికంటే నచ్చేది ఆ దాపరికం లేనితనం.

ఒక సాయంత్రం

పాటలు వినిపించడానికి గోడౌన్ పనికిరాదు, జనం, జనపనార, ఒకే తలుపు, అస్సలు వద్దు. కల్యాణ మండపాల అద్దె అందదు. ఒక ట్యూషన్ సెంటర్ హాలు ఆదివారం సాయంత్రానికి దొరికింది. నాలుగింటికి మొదలుపెట్టి చీకటి పడకముందే ముగించాం, ఆడపిల్లలు వచ్చి వెళ్ళగలగాలని. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో నివాస ప్రాంతానికి పగటి పరిమితి 55 డెసిబెళ్ళే. అందుకని కిటికీలు మూసి, బేస్ బాక్సులు పెట్టకుండా, గొంతుకి మాత్రమే చిన్న స్పీకర్లు పెట్టాం. పక్కింటివాళ్ళకు ముందురోజే వెళ్ళి చెప్పొచ్చారు.

కుర్చీలు తీసేశాం. ముందు ఎవరికీ ఎలా నిలబడాలో తెలియలేదు, గోడలకు ఆనుకున్నారు. రెండో పాట వంతలో హాలు సగం అందుకుంది. మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. టికెట్ పెట్టలేదు, తలుపు దగ్గర స్టీలు డబ్బా పెట్టాం. అచ్చు ఖర్చు తిరిగొచ్చింది, ఎలక్ట్రీషియన్ ఖర్చు రాలేదు.

హక్కుల కాగితం

మన దగ్గర చాలా గొడవలు ఇక్కడే మొదలవుతాయి, కాబట్టి పని మొదలుకాకముందే ఒక పేజీ రాసుకున్నాం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి హక్కు వేరు, రికార్డింగ్ మీద హక్కు వేరు. రికార్డింగ్‌కు నిర్మాత అంటే దాన్ని చేయించడానికి పూనుకుని బాధ్యత తీసుకున్న వ్యక్తి. మైకు పెట్టినవాడు కాదు, గది ఇచ్చినవాడూ కాదు. ఆ హక్కు ప్రచురణ అయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. రిజిస్టర్ చేయించకపోయినా హక్కు ఉంటుంది, కానీ రుజువుగా కాగితం ఉంటే మేలు.

మా కాగితంలో ఉన్నవి: రికార్డింగ్ నలుగురిదీ, సమాన వాటా. పాటలూ బాణీలూ నలుగురివీ. నాకు ముట్టేది పనికి మాట్లాడుకున్న కూలి, ఆ తర్వాత ఏ వాటా లేదు. మల్టీట్రాక్ ఫైళ్ళు (ఒక్కో మైకు సౌండ్ విడివిడిగా ఉన్నవి) పని పూర్తవగానే హార్డ్‌డిస్కులో వాళ్ళకిచ్చేయాలి, నా దగ్గర ఒక బ్యాకప్ ఉంటుంది, వాళ్ళు అడిగితే చెరిపేయాలి. ఎవరైనా బ్యాండ్ వదిలి వెళ్ళిపోతే పాత రికార్డింగులో వారి వాటా వారిదే. ఈ ఆఖరి అంశం మీదే వాళ్ళలో వాళ్ళు ఎక్కువసేపు మాట్లాడుకున్నారు. బేస్ అబ్బాయికి చెన్నైలో ఉద్యోగం వచ్చేలా ఉంది, అందరికీ ఆ సంగతి తెలుసు. నలుగురూ సంతకం చేశారు. మేనమామగారు సాక్షి.

బేస్ అబ్బాయి నిజంగానే వెళ్ళాడు. ఇప్పుడు ఆ చోటులో ఆమదాలవలస అమ్మాయి ఒకామె నేర్చుకుంటోంది. అదే గోడౌన్‌లో, అదే ఎర్తు మీద ఇంకో రెండు బ్యాండ్లు ప్రాక్టీస్ చేస్తున్నాయి, లారీ సరుకు దిగని రోజుల్లో. వాళ్ళకూ ఈ కాగితమే నమూనాగా ఇచ్చాను. ఎర్తు పిట్‌లో వేసవి అంతా వారానికోసారి నీళ్ళు పోయమని కూడా చెప్పాను, నేల ఎండిపోతే ఎర్తు పనిచేయదు.